పక్క వీధిలో రెండో భూమి

మొన్న మా చెల్లెలి మనవరాలు చిన్ని ఇక్కడే భిలాయిలో రిసాలి నుంచి వచ్చి, నన్ను కూర్చోబెట్టి టీవీలో ఒక సీరియల్ చూపించింది. ఏ దేశంలోనో ఎప్పుడో తీసినది, హిందీ మాటలు తర్వాత అతికించారు. మన భూమి లాంటిదే ఇంకో భూమి ఉంటుందట. అక్కడా మనమే ఉంటామట, కానీ ఎక్కడో ఒక్క సంగతి వేరేగా జరిగి, అక్కడి నుంచి బతుకంతా వేరే దారి పట్టి ఉంటుందట. తీసినవాళ్ళ దగ్గర డబ్బు లేదని మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. తలుపు వేస్తే గోడ ఊగింది. రెండో భూమి చూపించాల్సి వస్తే అవే మెట్లు, అదే వరండా. ఎడమ పక్కనున్న పూలకుండీని కుడి పక్కకి జరిపారు, వీధి బోర్డుకి వేరే రంగు వేశారు, అంతే. ఆ చవకతనం మీద నాకు కోపం లేదు. అది నాకు బాగా తెలిసిన విద్య. లెక్క తప్పినందుకు మాత్రం చిన్నికి చెప్పాను: రెండు భూములూ ఇరవయ్యేళ్ళ కిందట విడిపోయాయని వాళ్ళే అన్నారు కదా, మరి అంతకు ముందే పోయిన తాత అక్కడ ఎలా బతికున్నాడని. "అమ్మమ్మా, చుప్‌చాప్ చూడు," అంది.

చూశాను. కథలో అమ్మాయి ఈ భూమి మీద ఇల్లు చూసుకుంటూ ఉంటుంది. రెండో భూమి మీద అదే అమ్మాయి తెల్లకోటు వేసుకుని ప్రయోగశాలలో పని చేస్తూ ఉంటుంది. ఇద్దరూ ఎదురుపడతారు. తెల్లకోటు అమ్మాయి ఇంట్లో పొయ్యి వెలగదు, పలకరించే మనిషి ఉండడు. ఆమెని చూసి జాలిపడి, ఈ అమ్మాయి వెనక్కి వచ్చి, టీకి నీళ్ళు పెట్టుకుంటూ, నాకు నా భూమే చాలు అంటుంది. వెనకాల వయొలిన్లు. చిన్ని కళ్ళు తుడుచుకుంది. నేను లేచి టీవీ కట్టేశాను.

"క్యా హువా అమ్మమ్మా? ఇంత గుస్సా ఏంటి?"

"ఆ చివర వాళ్ళది కాదు. పాపారావుది."

"పాపారావు కౌన్?"

చెప్పాను. చెబుతున్నంతసేపూ నా గొంతు పెరుగుతూనే ఉందని చిన్ని తర్వాత అంది. పెరిగే ఉంటుంది. రాస్తున్నప్పుడు కూడా తగ్గడం లేదు. ఈ సంగతులన్నిటికీ తేదీలు నా దగ్గర ఉన్నాయి. నేను తేదీలు మరచిపోయే మనిషిని కాను. కానీ ఇక్కడ వెయ్యను. తేదీ వేస్తే ఎప్పుడో అయిపోయిన సంగతిలా కనిపిస్తుంది.

మేం శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చేటప్పటికి ప్లాంటూ కొత్త, ఊరూ కొత్త. నాటిన చెట్లు నా నడుము ఎత్తు కూడా లేవు. క్వార్టర్లు మాత్రం వరసలు వరసలుగా నిలబడి ఉండేవి. ఒక వీధిలో ఏడో ఇల్లు ఎలా ఉందో పక్క వీధిలో ఏడో ఇల్లూ అలాగే ఉండేది. అవే రెండు గదులు, వంటగది పక్కన అదే గట్టు, అదే మూల నీళ్ళ కుళాయి, తలుపులకి అదే ఆకుపచ్చ రంగు. మా నానమ్మ వాటిని కోళ్ళగూళ్ళు అనేది. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చేది. మా ఇల్లు ఏదో ఆవిడకి ఆ వాసనే గుర్తు. తన చుట్ట కంపు తగిలితే లోపలికి నడిచేది, తగలకపోతే ఇంకా ముందుకి పోయేది. మిగతావాళ్ళు కూడా ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకరు గేటుకి పాత సైకిలు టైరు తగిలించారు. మా అమ్మ గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టింది. దిష్టికని చెప్పేది గాని, దాని అసలు పని నాన్నకి ఇల్లు ఆనవాలు చెప్పడం.

నాన్న ఉక్కు కరిగించే కొలిమి దగ్గర పని చేసేవాడు. మా ఇంట్లో పనులన్నీ ప్లాంటు సైరనుకి కట్టుబడి నడిచేవి. నాన్నకి రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో అమ్మ పొద్దున్నే గట్టు మీద సిగిడీ అంటించి, బొగ్గు పొగ పోయాక లోపలికి తెచ్చుకునేది. చోడి అంబలి కాచి చల్లారబెట్టేది. గాలి ప్లాంటు వైపు నుంచి వీస్తుంటే తెల్లబట్టలు ఆరేసేది కాదు, ఎర్రదుమ్ము పడుతుందని. వడియాలు పెడితే మీద పాత పంచె కప్పేది. నాన్న వచ్చి చొక్కా విప్పితే కాలిన ఇనుము వాసన, ఉప్పు తేలిన చెమట వాసన ఇల్లంతా నిండేవి. జేబులోంచి మొట్టమొదట తీసేది నీలం అద్దం. చెక్క చట్రంలో బిగించిన చిన్న ముక్క. కొలిమి లోపలికి ఊరికే చూస్తే కళ్ళు పోతాయి, ఆ అద్దంలోంచే చూడాలి. అందులోంచి మా ఇంటిని చూస్తే గోడలూ అమ్మా సిగిడీలో నిప్పులూ అన్నీ అవే, కానీ ఇంకెక్కడో ఉన్నట్టు ఉండేవి. దాన్ని పిల్లలెవరూ ముట్టుకోకూడదు. నా చేతికి మాత్రం ఇచ్చేవాడు. తుడిచి, తీసిన చోటే పెడతానని నమ్మకం.

ఒక వారం గుమ్మడికాయ కుళ్ళి నీరు కారుతోందని అమ్మ తీసేసింది. కొత్తది దొరకలేదు. ఆ వారమే నాన్న రాత్రి షిఫ్టు దిగి, నిద్రమత్తులో ఒక వీధి ముందే మలుపు తిరిగి, అక్కడి ఏడో ఇంట్లోకి నడిచి, టిఫిను డబ్బా గట్టు మీద పెట్టి, మంచం మీద కూర్చుని, "అమ్మీ, నీళ్ళు," అన్నాడు. కిటికీ పక్కన చాప మీద ఒక అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. నేనూ మా ఇంట్లో సరిగ్గా అక్కడే కూర్చునేదాన్ని, వెలుతురు పడేది అక్కడే కాబట్టి. ఆ అమ్మాయి తల ఎత్తి చూసి, వాళ్ళ నాన్న స్నేహితుడెవరో అనుకుని, లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాన్న తాగి, గ్లాసు కింద పెట్టి, "ఈయాల అంబలి వాసన రాదేటి?" అన్నాడు. అప్పుడు లోపల్నించి ఆ ఇంటావిడ వచ్చింది.

ఆవిడ సలోమి ఆంటీ. వాళ్ళది తరాల తరబడి రైల్వే కుటుంబం. ఆంధ్రావాళ్ళే గాని బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగారు, ఆదివారం చర్చికి వెళ్ళేవారు. ఆవిడ భర్త ప్లాంటు లోపల రైలింజను నడిపేవాడు. నీళ్ళిచ్చిన అమ్మాయి శాంత, నా ఈడుదే. నాన్న గోడ మీద ఏసు పటం చూసి గబుక్కున లేచి నిలబడ్డాడట. ఆంటీ నవ్వి, "బైఠో భయ్యా, చాయ్ తాగి వెళ్ళండి. మీ క్వార్టర్ ఎక్కడికి పారిపోతుంది?" అందట.

నాన్న ఇంటికి వచ్చి చెబితే, నానమ్మ చుట్ట నోట్లోంచి తీసి మరీ నవ్వింది.

"ఇంకో బూలోకానికెల్లి వొచ్చీసినావేట్రా? అక్కడ నానున్నానేటి, సూసినావా?"

"నువ్వు లేవు గానమ్మా, గుంట ఉన్నాది. అదే సోట కూకుని, అవే లెక్కలు."

"మరా గుంట నీకు నీలిచ్చిందేటి?"

"ఇచ్చినాది. సల్లగున్నాయి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నీళ్ళిచ్చిందనీ, చల్లగా ఉన్నాయనీ మా నాన్న తన నోటితో అన్నాడు. ఇంట్లో అందరం విన్నాం.

అలా రెండిళ్ళకీ రాకపోకలు మొదలయ్యాయి. శాంతా నేనూ స్కూల్లో ఆఖరిదైన పదకొండో తరగతికి వచ్చాం. శాంతని రాయపూర్‌లో సైన్సు కాలేజీకి పంపడం వాళ్ళింట్లో ఖాయమైపోయింది. పొద్దున పాసింజరు ఎక్కితే కుమ్హారి దాటి కాలేజీ వేళకి చేరిపోవచ్చు, సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. లెక్కల్లో నేను శాంత కంటే ముందుండేదాన్ని. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, మార్కులు. నాకూ ఆ కాలేజీయే కావాలి. అంతకంటే నాకు వేరే కోరిక లేదు, అప్పుడు గాని తర్వాత గాని. ఒకరోజు సలోమి ఆంటీ నాన్నని అడిగింది: "ఇద్దరూ కలిసి వెళ్ళొస్తే మనకీ నిశ్చింతే కదా భయ్యా." నాన్న కాదనలేదు. "ఉగాది ఎల్లనీ, సూద్దాం," అన్నాడు. కాదనేవాళ్ళతో దెబ్బలాడొచ్చు. చూద్దాం అనేవాళ్ళని ఒప్పించాలి. నాకు ఎదురుగా నిలబడి మాట్లాడి ఒప్పించడం రాదు. అందుకని నాటకం రాశాను.

క్వార్టర్ల పేటల్ని సెక్టార్లనేవారు. ఉగాదికి మా సెక్టారు తెలుగు సంఘం ఏటా ఒక నాటకం వేసేది. నా నాటకంలో ఒక తండ్రి రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వస్తాడు. అదే ఇల్లు, అదే భార్య, అదే కూతురు, కానీ అది రెండో భూమి. అక్కడ కూతురు తండ్రికి నీళ్ళిచ్చి, పుస్తకాలు తీసుకుని, రైలు వేళ అయిందని కాలేజీకి బయల్దేరుతుంది. పంపించింది ఆ రెండో భూమి మీది తండ్రే, అంటే తనే. తండ్రి ఆ ఇంట్లో ఒక పూట ఉండి, కొంపేమీ మునగలేదని చూసి, తన భూమికి తిరిగి వస్తాడు. సంఘం దగ్గర ఏమీ లేదని తెలుసు కాబట్టి ఖర్చు లేకుండా రాశాను. రెండు భూములకీ ఒకటే మంచం, ఒకటే కూజా, ఒకటే క్యాలెండరు. ఈ భూమి మీద క్యాలెండరు ఎడమ గోడకి, రెండో భూమి మీద కుడి గోడకి. రెండు మేకులు చాలు. రెండో భూమి వచ్చినప్పుడు పెద్ద దీపాలు ఆర్పి, పక్క నుంచి టార్చిలైటు ముందు నాన్న నీలం అద్దం పట్టుకోవాలి. అద్దం అడిగితే నాన్న ఇచ్చాడు. "పగలగొట్టీగల్రు, జాగర్త," అన్నాడు. దేనికని అడగలేదు.

సంఘం కార్యదర్శి పాపారావు ప్లాంటులో ఫోర్మను, నాన్నకి ఊరివాడు, మాకు బాబాయి వరస. ఏ నాటకమైనా తండ్రి వేషం ఆయనదే. చదివి, "ఒలే పైడీ, బాగుందే. రెండు బూములు, ఒకటే సెట్టింగు. కర్సు కలిసొచ్చీసినాది. సివరే కూసింత తేలిపోనాది," అన్నాడు. నా పేరు పైడితల్లి. తేలిపోవడమంటే ఏమిటి బాబాయీ అని అడిగాను. "నాను సూసుకుంటాన్లే," అన్నాడు. రిహార్సళ్ళకి ఆడపిల్లలు వెళ్ళకూడదు. ఆడవేషాలు కూడా మగవాళ్ళవే. కూతురి వేషం సన్యాసిరావనే క్రేను డ్రైవరుకి ఇచ్చారు. అతను మీసం తియ్యనన్నాడు. "మా యావిడ ఊరెల్లింది. అది ఒచ్చీసరికి మీసం మొలవకపోతే నన్ను గుమ్మంలోకి రానీదు," అన్నాడట. అందుకని నాటకమంతా కూతురు పమిట చెంగు మూతికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. కష్టంలో ఉన్న పిల్ల కాబట్టి చెల్లిపోతుందన్నారు.

ఉగాది సాయంత్రం మైదానంలో దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాం. అమ్మ గిన్నెలో తెచ్చిన పచ్చడి అందరికీ పంచింది. వేపపువ్వు చేదు ఇంకా నాలుక మీద ఉండగానే మైకులో "రచన, కుమారి పైడితల్లి" అన్నారు. నా పేరు మైకులో వినడం అదే మొదలు. అమ్మ నా చెయ్యి నొక్కింది. నాన్న నిటారుగా కూర్చున్నాడు. మా పక్కనే సలోమి ఆంటీ, శాంత. సగం నాటకం నేను రాసినట్టే నడిచింది. దీపాలు ఆరి, నీలం వెలుగు పడగానే వెనక నుంచి ఎవరో, "కరెంటు పోనాదిరా," అన్నారు. ఇంకెవరో, "కరెంటు కాదురా బాబూ, కేలండరు సూడు. అది యేరే బూమి," అన్నారు. అర్థమైపోయింది. రెండు మేకులతో అంతమందికీ అర్థమైపోయింది. ఆ ఒక్క నిమిషం నాకు ఉన్న సంతోషం తర్వాత ఎప్పుడూ లేదు.

తర్వాత పాపారావు మంచం మీద కూర్చుని, "అమ్మీ, నీళ్ళు," అన్నాడు. కూతురు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. మళ్ళీ అడిగాడు. "నాకు సమయం లేదు," అంది సన్యాసిరావు చెంగు వెనక నుంచి. పొయ్యి చల్లారి ఉంది. తల్లి మూల కూర్చుని ఏడుస్తోంది. కూజా వంచి చూస్తే ఖాళీ. దాహం దాహం అంటూ పాపారావు స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి, గుండె పట్టుకుని పడిపోయాడు. నీలం అద్దం తీసేశారు. క్యాలెండరు ఎడమ గోడకి వచ్చేసింది. ఈ భూమి. కూతురు పరుగెత్తుకొచ్చి, తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు తాగించి, "ఆ భూమి నాకొద్దు నాన్నా, నాకు ఈ భూమే చాలు," అంది. ఆడవాళ్ళు చెంగులతో కళ్ళొత్తుకున్నారు. తర్వాత చప్పట్లు. నాన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు. శాంత నా వైపు తిరిగి, మెల్లగా, "ఇది నువ్వు రాశావా పైడీ?" అంది. ఆ ప్రశ్నకే నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు.

స్టేజీ వెనక్కి వెళ్ళాను. పాపారావు రంగు తుడుచుకుంటున్నాడు.

"సివర ఎందుకు మార్చీసినారు బాబాయీ?"

"జనం ఏడవాలి కదే. నీ సివర్లో ఏటున్నాది? కేలండరు మారిస్తే ఎవలైనా ఏడుస్తారేటి?"

"అది ఏడవడానికి రాయలేదు."

"ఒలే, నీ పేరు మైకులో సెప్పించినాను. సంతోషించక ఏటా మొకం?"

వేరేవాళ్ళ రాతలు దొంగిలించి తమ పేరు పెట్టుకునేవాళ్ళ గురించి విన్నాను. వాళ్ళని క్షమించవచ్చు. వీళ్ళు తమ రాత రాసి నా పేరు పెట్టారు. మర్నాడు పొద్దున అమ్మ సిగిడీ అంటిస్తుండగా, నాన్న అద్దం తుడుచుకుంటుండగా, నేను కాలేజీ మాట ఎత్తాను. ఉగాది వెళ్ళింది కదా అన్నాను.

"మరి నువ్వే రాసినావు కదమ్మీ," అన్నాడు నాన్న. గొంతులో కోపం లేదు. తేలికపడ్డ మనిషి గొంతు అది. "ఈ బూమే సాలని. అంతమంది ముందర."

"ఆ మాట నాది కాదు నాన్నా. పాపారావు బాబాయి మార్చీసినాడు."

"మార్చినా మంచిదే మార్చినాడు."

సలోమి ఆంటీ ఆ సాయంత్రమే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "ఆ నాటకంలో రెండో ఇల్లు మాదే కదా భయ్యా? మా ఇంట్లో మీకు నీళ్ళు దొరకలేదా?" నాన్న తల దించుకున్నాడు. ఆఖరికి నానమ్మే, "దొరికినాయమ్మా. సల్లగున్నాయని సెప్పినాడు," అంది. నాన్న లేచి, చొక్కా తొడుక్కుని, షిఫ్టుకి వేళ కాకపోయినా బయటికి వెళ్ళిపోయాడు. తాగినవాడు తను. ఆ నీళ్ళ చల్లదనం తెలిసినవాడు తను. పాపారావు స్టేజీ మీద చూపించింది అబద్ధమని ఆ మైదానం మొత్తం మీద సాక్ష్యం చెప్పగలిగిన మొదటి మనిషి మా నాన్న. అయినా కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి కాదనడానికి ఒక సాకు కావాలి, అది నా పేరుతో, నా నోటి మాటగా, మైకులో దొరికింది. ఎవరినీ నొప్పించకుండా దొరికింది. చాలామంది, పాపం ఆయనేం చేస్తాడు, కాలం అలాంటిది అంటారు. కాలం పక్క వీధిలో కూడా అదే.

ఆ వేసవి పోయాక శాంత పాసింజరు ఎక్కింది. కెమిస్ట్రీ చదివి, ప్లాంటు ప్రయోగశాలలోనే చేరి, అక్కడే రిటైరైంది. వాళ్ళింట్లో పొయ్యి ఏ రోజూ చల్లారలేదు. నేను ఎన్నిసార్లు తిన్నానో నాకు తెలుసు. నా నాటకాన్ని ఇంకో రెండు సెక్టార్లలో వేశారు. ప్రతిసారీ నా పేరు చెప్పారు. నా పెళ్ళిచూపుల్లో పాపారావు, "ఈ బూమే సాలని రాసిన పిల్లండీ," అని నన్ను పరిచయం చేశాడు. అటువాళ్ళు మెచ్చుకున్నారు. పెళ్ళయ్యాక ప్రైవేటుగా బీయే కట్టాను. సైన్సు ప్రైవేటుగా కట్టడానికి లేదు, ప్రయోగశాల కావాలి. ఆ తర్వాత నా ఉద్యోగమంతా చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పడంతోనే సరిపోయింది. బతుకు పాడైపోయిందని నేను అనను. లెక్క తప్పిందంటాను. మధ్యలో ఎవరో ఒక అంకె మార్చారు, కింద మొత్తం మీద మాత్రం నా సంతకం ఉంది.

ఇప్పుడు ఇదే ఊళ్ళో నేనుండే వైశాలి నగర్‌లో ఏ ఇల్లూ ఇంకో ఇంటిలా ఉండదు. ఒకటి గులాబీ రంగు, ఒకటి పసుపు, గేట్ల మీద సింహాలు. ఎంత నిద్రమత్తులో ఉన్నా ఎవరూ పక్కవాళ్ళింట్లోకి పోయి కూర్చునే అవకాశం లేదు. అప్పట్లో మాకు మంచివి తక్కువే, కానీ ఆ ఒక్కటి ఉండేది. దారి తప్పితే ఇంకొకరి ఇల్లు మన ఇల్లులాగే కనిపించేది, ఇంకొకరి కూతురు మన కూతురులాగే. చిన్ని ఇంజనీరింగు చదువుతోంది, రోజూ స్కూటీ మీద ఎండలో పోయి వస్తుంది, ఎవరి చేతా చూద్దాం అనిపించుకోనక్కర్లేదు. అదే చిన్ని, తెల్లకోటు అమ్మాయి ఇంట్లో పొయ్యి వెలగలేదని కళ్ళు తుడుచుకుంది. పుస్తకాలు చేతికి ఇచ్చారు, కాలేజీలు కట్టారు, కథలో చివర మాత్రం ఎవరూ మార్చలేదు. ఏ దేశంలో తీసినా చివర పాపారావుదే.

"అమ్మమ్మా, రెండో భూమి నిజంగా ఉంటే, అక్కడ నువ్వు ఏం చేస్తూ ఉంటావ్?" అని అడిగింది నేను టీవీ కట్టేశాక.

"రెండో భూమి లేదు. ఉన్నది ఒకటే. దాంట్లో ఒక పక్క వీధి ఉంది. మా నాన్న అక్కడికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు."

నాన్న రిటైరైన రోజు నీలం అద్దం నా చేతికి ఇచ్చాడు. తుడిచి పెట్టుకున్నాను. నేను రాసిన చివరి రంగం ఏ స్టేజీ మీదా ఆడలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా వేసుకోవచ్చు. ఒక్క మాట చేర్చడానికి వీల్లేదు.

తండ్రి తన ఇంటికి తిరిగి వస్తాడు. క్యాలెండరు ఎడమ గోడకి ఉంటుంది. కూతురు కిటికీ దగ్గర లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. తండ్రి మంచం మీద కూర్చోడు, నీళ్ళు అడగడు. తనే కూజా దగ్గరికి వెళ్ళి, వంచుకుని, తాగుతాడు. ఎడమ గోడ మీది క్యాలెండరు తీస్తాడు. కుడి గోడ మేకుకి తగిలిస్తాడు. పెద్ద దీపాలు ఆరి, నీలం వెలుగు వస్తుంది. కూతురు తల ఎత్తి చూసి, పుస్తకాలు సర్దుకుంటుంది. ఎవరూ మాట్లాడరు. తెర.